మొహమాటం తెలియని చదువరి

గోడను పక్కకు జరిపే పనిముట్టు గురించి తాను రాసిన పేజీని విబెకె ట్రాన్‌హోల్మ్ గొంతు తగ్గించి మరోసారి పైకి చదువుకుంటోంది. ఎడమచేతిలో సగం తిన్న రొట్టె, కుడిచేయి మౌస్ మీద. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసేసి, మొహం తెరకు జానెడు దూరంలో పెట్టి చదవడం ఆమె అలవాటు. పొడవాటి మనిషి. ఏ కుర్చీలోనూ సరిగ్గా ఇమడదు, మోకాళ్లు బల్ల అడుగు చెక్కకు తగులుతూనే ఉంటాయి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది కాబట్టి ఒకవైపు ఎప్పుడూ కాస్త పొట్టి. కుడి మధ్యవేలి పక్కన గట్టిపడిన కాయ ఒకటుంది. ఇంకు కలంతో ఇళ్ల ప్లానులు గీసిన రోజుల్లో కాసిన కాయ అది, కలాలు పోయి ఇన్నేళ్లయినా అది మాత్రం పోలేదు.

ఇప్పుడామె గీయడం లేదు, రాస్తోంది. ఆల్బోర్గ్ ఊరి రేవు పక్కన, పాత గోదాములో పైఅంతస్తున ఉన్న ఆ చిన్న కంపెనీ చేసే పని ఒకటే. భవనాల నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను మనిషికి బదులు ఏఐ ఏజెంట్ నడిపేలా చెయ్యడం. ఏజెంటుకు చేతుల్లేవు, కళ్లూ లేవు. అందుకని దానికి కొన్ని పనిముట్లు ఇచ్చారు. గోడ కట్టేది ఒకటి, గోడ తీసేది ఒకటి, తలుపు పెట్టేది, కిటికీ వెడల్పు చేసేది, ఇలా. ఏ పనిముట్టు ఎందుకు, ఎప్పుడు వాడాలి, వాడేముందు ఏం చూసుకోవాలి అని ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఆ పేజీలు రాసేది విబెకె. ఏజెంట్ వాటిని చదివి, వాటిలో ఉన్నంతే తెలుసుకుని పనిలోకి దిగుతుంది. మనిషన్నవాడెవడూ వాటిని చదవడు. లోకంలో ఇంత శ్రద్ధగా చదివే పాఠకుడు దొరికిన రచయిత్రివి నువ్వొక్కదానివే అని పనిముట్లు తయారుచేసే ఆస్గర్ ఆమెను ఆటపట్టిస్తుంటాడు.

ఈ పొద్దు మాత్రం ఆ రొట్టె సగం దగ్గరే ఆగిపోయింది. భోజనాలయ్యాక అద్దె ఇళ్ల సంఘం నుంచి ఫ్లెమింగ్ అనే పెద్దమనిషి వస్తున్నాడు. ఊరికి తూర్పున వాళ్లకు పాత అపార్టుమెంట్లు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ముసలివాళ్లు చక్రాల కుర్చీలో తిరిగేలా వాటిని మార్చాలి. ఎవరూ మౌస్ ముట్టుకోకుండా, ఆయన ఏమడిగితే అది ఏజెంట్ తనంతట తనే చేసి చూపించాలి. పొద్దున్నే తలుచుకుంటే ఆమెకు అరికాళ్లలో చక్కిలిగింతలు పుట్టాయి. బడి వార్షికోత్సవం నాడు నాటకంలో మొదటి వేషం వేసినప్పుడు పుట్టినట్టే.

ఆ సంబరాన్ని పూర్తిగా సంబరంగా ఉండనివ్వనిది ఇంకొకటుంది. ఈ సాయంత్రం రైలుకు హోల్గర్ వెళ్లిపోతున్నాడు.

హోల్గర్ వడ్రంగి. ఏళ్ల తరబడి ప్రతి గురువారం ఆమె ఇంటికి భోజనానికి వస్తాడు, గిన్నెలు కడుగుతాడు, తన ఇంటికి పోతాడు. ఆయన ఇల్లు ఆయనది, ఆమె ఇల్లు ఆమెది. ఆ వయసులో కలిసిన జంటలు చాలామంది అక్కడ అలాగే ఉంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. చలికాలంలో ఒక గురువారం, చేపముల్లు తీసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు. గ్రీన్‌లాండ్‌లో బడి కడుతున్నారట, ఏడాది పైగా పని, రమ్మని అడిగారు. "నేనే వెళ్లాలనేం లేదనుకో" అన్నాడు చివర్న.

"మంచి అనుభవమే అవుతుందిలే" అంది విబెకె.

హోల్గర్ చాలాసేపు తల ఊపి ఇంకో బంగాళాదుంప వడ్డించుకున్నాడు. మరుసటి గురువారానికల్లా సంతకం పెట్టేశాడు. ఆనాటి నుంచి విబెకె కడుపులో "వెళ్లొద్దు" అనే మాట రాయిలా కూర్చుంది. రోజూ దాన్ని కూడా వెంటబెట్టుకునే ఆఫీసుకు వస్తోంది.

ఆమెను తప్పుపట్టి లాభం లేదు. పుట్టిన గడ్డ అలాంటిది. ఆ ఊరి చుట్టూ ఉన్న ఉత్తర జట్లాండ్‌లో ఏ మాటనైనా నీళ్లు కలిపి పలచన చేసి గాని బయటికి వదలరు. ఇల్లంటుకుంటే "కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అంటారు. ఆనందంతో గుండె పగిలిపోతుంటే "అంత చెడ్డగా ఏం లేదు" అంటారు. అంతకు మించిన పొగడ్త ఆ భాషలో లేదు. విబెకె ప్లానులు గీసే చదువు పూర్తిచేసి సర్టిఫికెట్ తెస్తే, వాళ్ల నాన్న దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, అంత చెడ్డగా ఏం లేదన్నాడు. సంతలో బహుమతి గెలిచిన ఎద్దు గురించి కూడా ఆయన అంత పెద్దమాట అనలేదని వాళ్లమ్మ ఆ రాత్రి చెప్పింది. పెళ్లయిన తొమ్మిదో ఏట మొగుడు పౌల్, వేరే ఊరు పోయి బతకాలనుంది, నువ్వేమంటావు అని అడిగాడు. నీకెలా బాగుంటే అలా చెయ్యమంది విబెకె. నిజంగానే వెళ్లిపోయాడు. గుమ్మంలో నిలబడి, దారిలో తినడానికి రొట్టెలు కట్టివ్వనా అని కూడా అడిగిందామె. అడగందే అమ్మైనా పెట్టదన్న సంగతి ఆ ప్రాంతంలో ఎవరికీ ఎవరూ చెప్పినట్టు లేదు.

కంపెనీ నడిపే సోల్వై వచ్చి, రిహార్సల్ మొదలుపెడదామంది. సోల్వై పొట్టిగా, గబగబా నడిచే మనిషి. మెడలో ఎప్పుడూ ఇంటి తాళాలు వేలాడుతుంటాయి. ముగ్గురూ పెద్ద తెర ముందు కూర్చున్నారు. ఆ ఆఫీసులో అందరికీ అందరూ "నువ్వే", చిన్నా పెద్దా లేదు.

ఫ్లెమింగ్ అడగబోయేలాంటిదే ఆస్గర్ టైపు చేశాడు. వంటగదికీ పక్కనున్న చిన్నగదికీ మధ్య గోడ అన్ని ఇళ్లలో తీసెయ్యి, స్నానాలగది తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు చెయ్యి. ఏజెంట్ క్షణం ఆలోచించి పనిలో పడింది. తెరకు ఒకపక్క అది వాడుతున్న పనిముట్ల పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే, రెండోపక్క మూడు వరుసల ఇళ్ల నమూనాలో గోడలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఒక్కో పేరు కనబడినప్పుడల్లా విబెకె పెదవులు కదులుతున్నాయి. అన్నీ తను రాసిన పేజీలే. తన మాటలు చదివి ఏదో ఒకటి కదులుతోంది, పనిచేస్తోంది. ఆమె మెడ దగ్గర ఎర్రటి మచ్చలు లేచాయి. సంతోషం ఎక్కువైతే ఆమెకు అక్కడే బయటపడుతుంది.

తర్వాత ఆస్గర్ నమూనాను పక్కకు తిప్పాడు. మెట్ల పక్కనున్న ఇళ్లలో పైఅంతస్తు గాలిలో వేలాడుతోంది. కింద దాన్ని మోస్తున్న గోడలు లేవు. ఆ గోడల్లో ఉన్న తలుపులు కూడా గోడలతో పాటే పోయాయి. తెర మీది ఇల్లు కాబట్టి కూలలేదు, అంతే.

సోల్వై మెడలో తాళాలు చేత్తో పట్టుకుంది.

"ఎందుకు తీసేశావని దాన్నే అడుగుదాం" అన్నాడు ఆస్గర్. అడిగాడు. జవాబు వెంటనే వచ్చింది. బరువు మోసే గోడేమో చూడడం పేజీ ప్రకారం తప్పనిసరి కాదు, పని త్వరగా ముగించేందుకు ఆ పరిశీలన వదిలివేశాను అని మర్యాదగా రాసింది.

విబెకె లేచి తన బల్ల దగ్గరికి వెళ్లి ఆ పేజీ తెరిచింది. తన చేత్తో రాసిన వాక్యమే. "గోడ తీసేముందు, దాని మీద పైఅంతస్తు బరువు ఉందేమో ఒకసారి చూసుకుంటే చెడ్డపనేం కాదు."

మొదట ఆమెకు అందులో తప్పేమిటో కూడా తోచలేదు. చెడ్డపనేం కాదంటే తప్పకుండా చెయ్యాలనేగా అర్థం? తెలియనివాళ్లుంటారా? మళ్లీ మళ్లీ చదివింది. అప్పుడు హోల్గర్ గుర్తొచ్చాడు.

పేజీలన్నీ ఆమె ముందు హోల్గర్ మీద ప్రయోగించి చూసేది. భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద ఆయన అగ్గిపుల్లలతో ఇల్లు పేర్చేవాడు. ఆమె పేజీ చదివేది, ఆయన విన్నది విన్నట్టు చేసేవాడు. తెలియకపోతే తెలియదనాలి, సొంత తెలివి వాడకూడదు, అదీ నియమం. ఈ గోడ పేజీ చదివిన రాత్రి కూడా ఆయన పుల్ల తీసేముందు తల వంచి, పైన ఏముందో చూసి, మెల్లగా వేలితో తోశాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశానని ఆమె ఎంతో మురిసిపోయింది. ఇప్పుడు తెలిసింది. హోల్గర్‌ది ఆమె పక్క ఊరు. చెడ్డపనేం కాదని ఆమె అంటే, చచ్చినా చెయ్యక తప్పదని ఆయన చెవికి వినిపిస్తుంది. ఒకే నీళ్లు తాగినవాడి చేత పరీక్ష రాయించి, లోకమంతా పాసయిందనుకుంది.

"మిగతా పేజీలూ ఇలాగే ఉన్నాయా?" సోల్వై వెనక నుంచి అడిగింది.

విబెకె గబగబా తెరిచి చూసింది. తలుపు పేజీలో, "వీలైతే పక్కగోడ ఎంత దూరమో గమనించవచ్చు." మెట్ల పేజీలో, "ఇంజినీరును అడిగితే నష్టమేం లేదు." అన్నిట్లోనూ అంతే. పేజీ పేజీకీ ఆమె తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టే ఉంది.

"అవును, అన్నీ" అంది.

"ఆయన వచ్చేలోపు అవుతుందా?"

"ప్రయత్నించి చూడొచ్చు" అని, ఆగి, సర్దుకుంది. "అవుతుంది."

ఆస్గర్ నవ్వు ఆపుకుంటూ కేక్ సంగతి గుర్తుచేశాడు. ఆ ఊరి పనివాళ్లలో ఒక ఆచారముంది. పనిలో తప్పు చేసినవాళ్లు అందరికీ ఏదో ఒకటి తేవాలి. ఇల్లు కట్టేచోట అయితే బీరు, ఆఫీసయితే కేక్. తిట్లు ఉండవు, గొణుగుడు ఉండదు, కేక్ తిన్నాక ఇక ఆ మాట ఎత్తకూడదు. విబెకె కింద బేకరీకి పరుగెత్తి రాస్ప్‌బెర్రీ కేక్ ముక్కలు తెచ్చి, డబ్బా విప్పకుండానే బల్ల మీద పడేసి, కుర్చీలో కూర్చుంది.

మొదటి వాక్యం రాయడమే కష్టమైంది. "గోడ తీయకు" అని టైపు చేసింది. చేతులు ఆగిపోయాయి. బొత్తిగా కరుకుగా కనబడింది, గుమ్మంలో చెప్పులు విసిరికొట్టినట్టు. పక్కన "దయచేసి" చేర్చి, వెంటనే తీసేసింది. మళ్లీ రాసింది. "గోడ తీయకు. ముందు బరువు చూసే పనిముట్టు వాడు. బరువు మోసే గోడ అయితే ఆగు. మనిషిని అడుగు. జవాబు రాకుండా ఏదీ తీయకు."

చదువుకుంది. ఎక్కడా నీళ్లు లేవు. ఉన్నది ఉన్నట్టు నిలబడి ఉంది. 

రెండో పేజీ మొదటిదానికంటే తేలికైంది. మూడోదానికి వచ్చేసరికి వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. కొలువు. ఆగు. అడుగు. దీన్ని ముట్టుకోకు. ఇది లేకుండా అది చెయ్యకు. జన్మలో ఎవరికీ ఆజ్ఞ వేసి ఎరగని మనిషి, కుక్కను కూడా "నీకు అభ్యంతరం లేకపోతే" అన్నట్టు పిలిచే మనిషి, బల్ల మీదికి వంగి ఆజ్ఞ మీద ఆజ్ఞ జారీ చేస్తోంది. మెడ మీది ఎరుపు చెవులదాకా పాకింది. భోజనానికి లేవలేదు. ఆస్గర్ ఆమె డబ్బాలోంచి రై పిండి నల్లరొట్టె తీసి చేతికిస్తే, అతనివైపు చూడకుండా తింది.

సోల్వై భుజం మీంచి చూసి, కాస్త కటువుగా లేదూ అంది, ఎవరైనా చదివితే మనల్ని ఏమనుకుంటారు అని నసిగింది.

"దానికి మొహమాటం తెలియదు, సోల్వై" అంది విబెకె తల తిప్పకుండా. "మెత్తగా చెబితే మెత్తగానే తీసుకుంటుంది. ఏం చెబితే అదే వింటుంది. అంతకంటే ఏం వినదు."

ఆ మాట తన నోట విన్నాక ఆమె చేతులు ఆగాయి. నేనే వెళ్లాలనేం లేదనుకో. చేపముల్లు తీసుకుంటూ హోల్గర్ అన్నమాట. ఆ ఊరివాడు, ఆ మాటను ఎన్ని నీళ్లు కలిపి వదిలి ఉంటాడు! నన్ను ఆపవే అని బతిమాలుకున్నాడన్నమాట. పేజీల విషయంలో ఆమె ప్రతి నసుగుడూ అర్థం చేసుకున్న మనిషి ఒకే ఒక్కసారి తన వంతు వాక్యం చదివాడు. దాన్ని ఆమె ఆ ఏజెంటులా, ఉన్నంతే వింది. ఆ తర్వాత ఆయనకు మంచి అనుభవమని చెప్పింది. విబెకె కిటికీలోంచి చూసింది. ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఫియోర్డ్ మీద గాలి నీళ్లను తెల్లగా చీలుస్తోంది. విమానాశ్రయానికి వెళ్లే ఆ సాయంత్రం రైలుకు ఇంకా వేళ ఉంది. ఆయనకు ఈ రోజే చెప్పాలి, నీళ్లు కలపకుండా చెప్పాలి. ఫోన్లో కాదు. ఫోన్లో అయితే మళ్లీ రొట్టెలు కట్టివ్వనా అని అడిగేస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. మిగిలిన పేజీల మీదికి వంగింది.

ఫ్లెమింగ్ వచ్చేసరికి విబెకె చివరి పేజీ ఆస్గర్‌కు పంపిస్తోంది. మళ్లీ రిహార్సల్ చేసే వ్యవధి లేదు. ఫ్లెమింగ్ బరువైన మనిషి, మీసాల్లో తెల్లవెంట్రుకలు, వానకోటు విప్పకుండానే కూర్చున్నాడు. ముందు కేక్ చూశాడు. ఈ రోజు ఎవరి పుట్టినరోజు అని అడిగాడు. సోల్వై ఏదో చెప్పబోయింది.

"నా తప్పుకు" అంది విబెకె. "పొద్దున రిహార్సల్‌లో మీ ఇళ్ల పైఅంతస్తు గాల్లో వేలాడింది. నేను సరిగ్గా రాయలేదు. ఇప్పుడు తిరగరాశాను."

సోల్వై కళ్లు మూసుకుంది. ఫ్లెమింగ్ కేక్ ముక్క ఒకటి తీసుకుని, నిదానంగా సగం తిని, మీసం తుడుచుకున్నాడు. "అయితే అదే గోడ తీయించండి" అన్నాడు.

తనే టైపు చేశాడు, రెండు వేళ్లతో. ఏజెంట్ ఆగింది. ఆ ఆగడం పొద్దుటికంటే పొడవుగా ఉంది. విబెకె కుర్చీలోంచి లేచి నిలబడింది, లేచినట్టు ఆమెకే తెలియలేదు. తెర పక్కన మొదటి పనిముట్టు పేరు పడింది. గోడ తీసేది కాదు, బరువు చూసేది. దాని కింద మళ్లీ అదే. మళ్లీ అదే. ఒక్కో ఇంట్లో ఒక్కో గోడ దగ్గరా అది ఆగి చూస్తోంది, ఆమె చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా. ఆ తర్వాత వరుసగా గోడలు పోవడం మొదలైంది. స్నానాలగదుల తలుపులు ఒక్కొక్కటే జరిగి వెడల్పయ్యాయి. మెట్ల పక్కనున్న ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయి, కింద రెండు వాక్యాలు వచ్చాయి. ఈ గోడలు పైఅంతస్తును మోస్తున్నాయి. వీటిని తీయను, ఏం చేయమంటారో చెప్పండి.

ఫ్లెమింగ్ వెనక్కి వాలి కూర్చున్నాడు. "తీయను అంటోంది" అన్నాడు. కాసేపయ్యాక భుజాలు కదిలాయి, నవ్వుతున్నాడు. "ఇది మా ఊరి బిడ్డ కాదు."

రెండో కేక్ ముక్క తీసుకున్నాడు. నమూనాను అన్నివైపులా తిప్పించి చూశాడు. అది మెచ్చుకోలో కాదో ఆ మొహం చూసి బయటివాళ్లకు తెలిసే అవకాశం లేదు. చివరికి ఆయన వానకోటు గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"అంత చెడ్డగా ఏం లేదు."

సోల్వై మొహం వెలిగిపోయింది. ఆస్గర్ బల్ల కింద విబెకె చేతిని పట్టుకుని గట్టిగా నొక్కాడు. మూడు వరుసలే కాదు, సంఘం ఇళ్లన్నిటి నమూనాలూ పంపిస్తానని ఫ్లెమింగ్ గుమ్మం దగ్గర చెప్పాడు. విబెకెకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. తన వాక్యాలు, తిన్నగా నిలబడ్డ వాక్యాలు, ఎక్కడా ఎవరినీ బతిమాలకుండా, ఒక ఇంటి పైకప్పును నిలబెట్టాయి. ఈ వయసులో ఇంత సంతోషం ఒంటికి పడుతుందా అనిపించింది.

సోల్వై వైన్ సీసా తెరుస్తానంది. మామూలుగా అయితే విబెకె కాస్త పనుందేమో, చూస్తాను, మీరు కానివ్వండి అంటూ పావుగంట గుమ్మంలో నిలబడేది. "నేను వెళ్తున్నాను" అని కోటు తీసుకుంది.

రేవు వెంబడి సైకిల్ మీద స్టేషన్‌కు. గాలి ఎదురుగాలే, ఆ ఊళ్లో ఎటు వెళ్లినా ఎదురుగాలే. పొడవాటి కాళ్లు మోకాళ్లదాకా లేచి పడుతున్నాయి. చెప్పాల్సిన మాట పైకి అంటూ తొక్కింది, పేజీలను చదువుకున్నట్టే. కుక్కను తీసుకెళ్తున్న ఒకావిడ ఆగి ఆమెవైపు చూసింది. విబెకె ఆపలేదు.

హోల్గర్ ప్లాట్‌ఫారం చివర రెండు సంచులతో నిలబడి ఉన్నాడు. చిన్నమనిషి, విశాలమైన చేతులు, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు కింద మెడ తెల్లగా కనిపిస్తోంది. ఆమెను చూసి, రావాల్సిన పనేముంది, ఈ గాలిలో, అన్నాడు.

"నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు" అంది విబెకె. ఊపిరి అందడం లేదు. "చలికాలంలో అడిగావు. వెళ్లొద్దనాలి, అనలేదు. వెళ్లొద్దు. నా దగ్గరే ఉండు. గురువారాలు మాత్రమే కాదు."

హోల్గర్ సంచి ఒకటి కింద పెట్టాడు. దాన్ని మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టాడు.

"ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే నేర్చుకున్నాను."

ఆయన ఫియోర్డ్ వైపు చూశాడు, అక్కడి నుంచి ఫియోర్డ్ కనబడదు. కళ్లు తడిశాయి, గాలికి అనుకోవచ్చు గాని గాలి వీపువైపు నుంచి వీస్తోంది. ఆ రాత్రి తన మాటకు ఆమె ఏమంటుందా అని చేపనంతా ముల్లు ముల్లుగా విడదీస్తూ కూర్చున్నానని, ఆ తర్వాత నాలుగు రోజులు సంతకం పెట్టకుండా ఆగానని చెప్పాడు. అక్కడ మిగతావాళ్లు తన కోసం ఎదురుచూస్తున్నారు. పిల్లల బడి అది, చలి ముదిరేలోపు కప్పు పడాలి. ఇప్పుడు మాట తప్పలేడు. విబెకె తల ఊపింది. పైకప్పుల సంగతి ఆ రోజు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెప్పినందుకు ఆమెకు రవ్వంత విచారం కలగలేదు. రాయి పోయింది, ఆ చోటంతా తేలికగా, కాస్త నొప్పిగా ఉంది.

రైలు వచ్చింది. హోల్గర్ సంచులు లోపల పెట్టి, మెట్టు మీద నిలబడి, జేబులో తడుముకుని చిన్న తాళంచెవి తీశాడు. తన సైకిల్ బయట స్టాండులో ఉందని, ఎవరో కుర్రాడు వచ్చి కొంటానన్నాడని, వాడికి ఇప్పుడే ఫోన్ చేసి అమ్మనని చెప్తానని అన్నాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నీకు పెద్ద ఇబ్బంది లేకపోతే, నీ షెడ్‌లో ఒక మూల" అని మొదలుపెట్టాడు. ఆగాడు. నున్నగా గీసిన బుగ్గలు ఎర్రబడ్డాయి. "నీ దగ్గరే ఉంచు. తిరిగొచ్చి నీ ఇంట్లోనే ఉంటాను."

తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆయన చెయ్యి ఎత్తాడు, ఊపలేదు. వడ్రంగి చెయ్యి, పలకలా వెడల్పుగా, రైలు మలుపు తిరిగేదాకా అలాగే ఉంది. విబెకె ఏడ్చింది, నవ్వింది, ముక్కు కోటు చేతికి తుడుచుకుంది. చుట్టుపక్కలవాళ్లు మర్యాదగా వేరేవైపు చూశారు.

కుడిచేత్తో ఒక సైకిల్, ఎడమచేత్తో ఒక సైకిల్ పట్టుకుని వంతెన మీద నడిచి ఇంటికి వెళ్లింది. రెండు హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుకుంటూనే ఉన్నాయి. వెనక వచ్చేవాళ్లు గంటలు కొడుతుంటే ఆమె అందరికీ గట్టిగా "ఆగండి, దారి లేదు" అని చెప్పింది, అందరూ ఆగారు. వంతెన అవతల తన ఇంట్లో దీపం వెలిగించి, షెడ్ తలుపు తీసి, తన సైకిల్‌ను గోడకు జరిపింది. పక్కన హోల్గర్ సైకిల్ నిలబడింది. దాని సీటు ఆమె సీటు కంటే బాగా కిందికి ఉంది, ముందుబుట్టలో ఒక గుడ్డ మడిచి ఉంది, హ్యాండిల్‌కు కుడివైపు రబ్బరు పట్టు ఆయన బొటనవేలి మేరకు అరిగి నున్నబడి ఉంది.